కొండకు పట్టుకెళ్లిన మజ్జిగ

కొండెక్కేటప్పుడు ఏ కాలంలో ఏం తాగాలో నన్నే అడగాలని బారిడీహ్‌లో మా వీధి ఆడవాళ్లు అనుకునేవారు. అలా అనుకునేలా నేనే చేసుకున్నాను. ఎవరైనా పిక్నిక్ మాట ఎత్తితే చాలు, అడక్కపోయినా చెప్పేదాన్ని. ఎండాకాలం ఇది, వానాకాలం అది, చలికాలం మరొకటి అని వేళ్లు మడిచి చెప్పేదాన్ని. మంచినీళ్లు పట్టుకెళ్తాం అంటే మొహం మీదే నవ్వేదాన్ని. ఆ తెలివే చివరికి మా ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు అప్పటి నేను ఎదురైతే నోరు మూసుకోమని చెప్పాలని ఉంది. చెప్పినా వినే రకం కాదు ఆ మనిషి.

మా ఆయన కార్ఖానాలో ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు. మాది శ్రీకాకుళం వైపు; పనికోసమే ఇంత దూరం, హిందీ మాట్లాడే ఊరికి వచ్చాం. ఆయన నాకు స్వయానా మేనమామ కొడుకు, అందుకని పెళ్లయ్యాక కూడా బావ అనే పిలిచాను. ఎనిమిది గంటలు కరిగిన ఇనుము ముందు నిలబడి వచ్చిన మనిషికి సెలవు రోజున ఫ్యాను కింద పడుకోవాలని ఉండాలి. బావకు మాత్రం కొండెక్కాలని ఉండేది. చిన్నప్పుడు సీతంపేట కొండల్లో తిరిగిన కాళ్లు మరి. పైకెక్కి గాలికి చొక్కా గుండీలు విప్పుకుని నిలబడితే వారం రోజుల వేడి దిగిపోతుందనేవాడు.

షిఫ్టులు మారుతుండేవి కాబట్టి వారం సెలవు ఒకసారి మంగళవారం వచ్చేది, ఒకసారి శుక్రవారం. మా ఒక్కగానొక్క అమ్మాయి బడికి పోయేది. మేమిద్దరమే బయల్దేరేవాళ్లం. సాక్చి బజారు దాకా సైకిలు, నేను వెనక క్యారియర్ మీద, నా ఒళ్లో సామాను సంచి. అక్కడ తెలిసిన దుకాణంలో సైకిలు పెట్టి, మాన్గో వంతెన దాటించే బస్సెక్కి, పెద్ద రోడ్డు మీద దల్మా కొండకు మళ్లే చోట దిగేవాళ్లం. ఆ పైన నడకే. కొండ మీద శివుడి గుడి ఉంది. ఇరుగుపొరుగుతో గుడికి వెళ్తున్నాం అనేవాళ్లం. ఊరికే కొండెక్కడానికి వెళ్తున్నాం అంటే మావాళ్లకు ఎక్కేది కాదు, మొగుడూ పెళ్లాలకు మతి పోయిందనుకునేవారు.

ఎండాకాలానికి చోడి అంబలి. రాగుల్ని మా వైపు చోళ్లు అంటాం. ముందురోజే పిండి నీళ్లలో కలిపి పులియనిచ్చి, తెల్లారి కాచి, చల్లారాక పుల్లమజ్జిగ పోసి పలచగా చేసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ నలిపి వేసేదాన్ని. మొదటిసారి దాన్ని మా అమ్మ ఇచ్చిన ఇత్తడి మరచెంబులో పోసి పట్టుకెళ్లాను. మర బిగించి మూస్తే చుక్క కారదు కదా అని మురిసిపోయాను. సగం కొండెక్కి మూత తీసేసరికి పులుపుకి ఇత్తడి చిలుము దిగి అంబలి పచ్చగా తిరిగింది. బావ ఒక గుక్క నోట్లో పోసుకుని ఊసేశాడు.

"ఒలే, ఇది అంబలేటే? రేకులు కడగడానికి మా కాడ ఆసిడ్ తొట్టె ఉంటాది. అందులో ఇది పొయ్యి, రేకుల తుప్పంతా ఒగ్గీసి తెల్లగైపోతాయి."

"తాగితే తాగు, నేకపోతే మానెయ్యి. ఎత్తుకొచ్చిన నడుం నాది," అన్నాను.

ఇద్దరం గుడి దాకా నాలుకలు పిడచగట్టుకుని ఎక్కాం. పైన పూజారి బక్కెట్టులో నీళ్లిస్తే పశువుల్లా తాగాం. మర్నాడే సాక్చిలో మూత ఉన్న స్టీలు క్యాను కొన్నాను. ఆ తర్వాత అంబలి ఎప్పుడూ పాడవలేదు.

ఉప్పు సంగతి నాకు నేర్పింది బావే. ఫర్నేసు ముందు పనిచేసేవాళ్లు నీళ్లతో పాటు ఉప్పు బిళ్లలు మింగేవారు. మర్చిపోయి వట్టి నీళ్లే తాగినవాడికి పిక్కలు గట్టిగా పట్టేసి, నిలబడ్డ చోటే కూలబడేవాడట. నలుగురు పట్టుకుని కాళ్లు సాగదీసి, నోట్లో ఉప్పునీళ్లు పోస్తే కాసేపటికి లేచేవాడట. "సెమటలో పోయేది నీళ్లనుకుంతన్నావేటి? ఉప్పు పోతాదే, ఉప్పు. అది తిరిగి లోనకి ఎయ్యకపోతే మనిసి నిలబడడు," అని బావ చెప్పేవాడు. నమ్మకపోవడానికి ఏముంది? ఆయన నీలం చొక్కా వీపున ఉప్పు తెల్లటి చారలు కట్టి ఉండేది. రోజూ ఆ చారలు ఉతికింది నేను. అంత ఉప్పు ఒంట్లోంచి పోయాక మళ్లీ పెట్టకపోతే ఎలా అని నాకూ అనిపించేది.

అదేం ఖర్మో, అంత వేడిలో పనిచేసినా ఆయన నాలుక మాత్రం మొద్దుబారలేదు. పులుసులో ఉప్పు రవ్వంత తగ్గినా, అంబలిలో రవ్వంత ఎక్కువైనా మొదటి గుక్కకే పట్టేసేవాడు. పట్టేసి ఊరుకునేవాడా, మూడు రోజులు దెప్పేవాడు. తోటి పనివాళ్లలో బీహారువాళ్లు వేయించిన శనగల పిండి నీళ్లలో కలుపుకుని తాగేవారు, సత్తు అని. ఒకసారి ఆ సత్తు నా అంబలి కంటే బాగుంటుందన్నాడు. రెండు రోజులు నేను మాట్లాడలేదు. మూడో రోజు నేనే సత్తు కలిపిచ్చాను. అందులో కూడా ఉప్పు తక్కువైందన్నాడు.

వానాకాలం సంగతి వేరు. కొండ నిండా ఊటలు, వాగులు. అడుగడుగునా నీళ్లు కనబడతాయి, తాగితే మంచాన పడతాం. అందుకని జీలకర్ర, శొంఠి వేసి మరిగించిన నీళ్లు, వేడి తగ్గకుండా క్యాను చుట్టూ పాత తువ్వాలు చుట్టి పట్టుకెళ్లేదాన్ని. బావకు ఊట నీళ్లంటే పిచ్చి. చిన్నప్పుడు దోసిళ్లతో తాగినవి ఇలాంటివేనని, వాటి ముందు నా జీలకర్ర నీళ్లు పురిటివాళ్లకు ఇచ్చే కషాయమని వెక్కిరించేవాడు. ఒకసారి నేను వెనకబడ్డప్పుడు కడుపు నిండా తాగేశాడు. నాలుగు రోజులు విరేచనాలు. జావ కాచి పోస్తూ "నానేటి సెప్పినాను?" అని గంటకోసారి అడిగాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ నాకు పండగలా ఉంది. నా మాట నెగ్గింది కదా.

చలికాలం అన్నిటికంటే కష్టం. దాహం వెయ్యదు. చెమట పట్టినట్టే తెలియదు. ఏమీ తాగకుండానే సగం దూరం ఎక్కేస్తాం. అప్పుడు తల బరువెక్కుతుంది, ఊరికే చిరాకు పుడుతుంది. మేం ప్రతి చలికాలం ఒకే చోట, మూడో మలుపు దాటాక పోట్లాడుకునేవాళ్లం. దేనికో కూడా గుర్తుండేది కాదు. అది దాహం వల్ల వచ్చే తగాదా అని కనిపెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. అప్పటి నుంచి అల్లం, మిరియాలు దంచి వేసిన టీ ఫ్లాస్కులో పోసి, మలుపు మలుపుకీ ఆపి, వద్దన్నా గ్లాసెడు తాగించేదాన్ని. ఫ్లాస్కు లోపలి గాజు రెండుసార్లు పగిలింది. తగాదాలు మాత్రం తగ్గాయి. ఇది నేను అందరికీ చెప్పుకుని గర్వపడిన విషయం.

డెబ్బైల చివర్లో ఒక చలికాలం, బావ మొదటి మలుపు దగ్గరే రాయి మీద కూర్చున్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. ఊపిరి గొంతులోనే ఆడుతోంది. పెదాలు నల్లబడ్డాయి. నేను ఆయన మొహం చూడాల్సింది పోయి ఫ్లాస్కు మూత తీశాను. టీ చాలలేదేమో, మిరియాలు తక్కువయ్యాయేమో అనుకున్నాను. ఒక గ్లాసు, దాని మీద ఇంకో గ్లాసు తాగించాను. కాసేపటికి లేచాడు. లేస్తే నా టీ పనిచేసిందనుకున్నాను. కూర్చుంటే ఎవరికైనా ఆయాసం తగ్గుతుందని నాకు తట్టలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను చేసిన పని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆయనకు ఆయాసం పెరిగినప్పుడల్లా నేను తాగేది మార్చాను. టీ మానిపించి పసుపు, మిరియాలు వేసిన పాలు పట్టుకెళ్లాను. అది కుదరలేదని ఉలవకట్టు కాచాను. తర్వాత తాటిబెల్లం నీళ్లు. ఉలవకట్టులో, మజ్జిగలో ఉప్పు కూడా పెంచాను. కొండెక్కడం మానిపించాలని గాని, ఆసుపత్రికి తీసుకెళ్లాలని గాని నాకు తోచలేదు. సాయంత్రం బూట్లు విప్పితే పాదాల మీద తాళ్ల ముద్రలు లోతుగా పడి ఉండేవి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. "బూట్లు బిగుతైపోనాయి బావా, పెద్ద సైజు కొనుక్కో," అన్నాను. కొన్నాడు కూడా.

ఎండలు మొదలయ్యే ముందు డ్యూటీలో పడిపోయాడు. ఆసుపత్రిలో పదిహేను రోజులు ఉంచారు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, ఓపికున్నవాడు, నన్నూ మా అమ్మాయినీ కూర్చోబెట్టి హిందీలో చెప్పాడు. ఏళ్ల తరబడి రక్తపోటు ఉందట. గుండె పెరిగిపోయి నీరసపడిందట. ఒంట్లో చేరిన నీరు మాత్రలతో తీస్తున్నారట. ఉప్పు పూర్తిగా మానాలి, నీళ్లు రోజుకు లీటరు దాటకూడదు, కొండ మాట ఎత్తకూడదు. "ఉప్పు తింటే నీరు మళ్లీ చేరుతుంది. మందు కంటే పథ్యం ముఖ్యం," అని రెండుసార్లు అన్నాడు. అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ మాటలన్నీ నోటుబుక్కు కాగితం మీద హిందీలో రాసి వంటింటి గోడకు అంటించింది.

నేను ఇంటిల్లిపాదికీ ఉప్పు మానేశాను. ఆయనకొక్కడికీ చప్పిడి పెట్టి మేం ఉప్పూకారం తినడం నాకు చేతకాలేదు. మొదటి రోజు అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకుని "ఏక్‌దమ్ ఫీకా హై, మా," బొత్తిగా చప్పగా ఉందమ్మా అంది. వాళ్ల నాన్న వైపు చూసి, మళ్లీ ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఉప్పు డబ్బా పైఅరలో పెట్టేశాను. వీధిలో వాళ్లు మమ్మల్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే నాకు బాగానే ఉండేది.

బావకు లైట్ డ్యూటీ ఇచ్చారు. టూల్ రూములో కూర్చుని, అడిగినవాళ్లకు పానాలూ సుత్తులూ తీసి ఇవ్వడం. ఫర్నేసు వైపు పోవద్దన్నారు. వాపు దిగింది, ఆయాసం తగ్గింది. డాక్టరు సంతోషించాడు. ఇంట్లో మాత్రం మనిషి ఎండిపోతున్నట్టు ఉండేది నాకు. అన్నం కెలికి లేచిపోయేవాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కొండ కనబడని దిక్కుకే చూస్తూ కూర్చునేవాడు. వంటకు వంక పెట్టడం మానేశాడు. ఆ మానెయ్యడం చూసి నేను భయపడ్డాను. చప్పిడి కూర పెట్టినా ఏమీ అనని బావతో ఎలా కాపురం చెయ్యాలో నాకు తెలియలేదు.

ఒక సెలవు రోజు పొద్దున్న తనే అడిగాడు. "ఒలే, ఎక్కనులే. కింద సెట్ల కాడ కూకుని వచ్చేద్దుం. బస్సు కాడికి రిచ్చాలో ఎల్దుం."

కాదనలేకపోయాను. ఆయన వాటా నీళ్లు కొలిచి చిన్న సీసాలో పోశాను. నాకోసం క్యానులో చప్పటి మజ్జిగ. బస్సు దిగిన చోట ఒకడు కీరా దోసకాయలు అమ్ముతుంటే నాకు ఒకటి కొన్నాడు బావ. కాయతో పాటు వాడు కాగితంలో ఉప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. కాయ తిన్నాను, ఉప్పు తినకుండా పొట్లం సంచిలో పడేశాను. కొండ మొదట్లో చదునుగా ఉన్న దారిలో మెల్లగా నడిచాం. ఎండ చురుక్కుమంటోంది. బావ మొహంలో చాలా రోజుల తర్వాత రంగు వచ్చింది. రంగు వచ్చిందని నేను అనుకుంటూ ఉండగానే కాలు పట్టుకుని కూలబడ్డాడు.

పిక్క రాయిలా గట్టిపడింది. రెండు చేతులతో పట్టుకుని "అమ్మా" అని అరుస్తున్నాడు. ఫర్నేసు దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డ మనిషి అరవడం నేనెప్పుడూ వినలేదు. నీళ్లు తీసే మాత్రల వల్ల కూడా అలా పట్టేస్తుందని ఆసుపత్రిలో చెప్పారో లేదో, చెప్పినా నా బుర్రకు ఎక్కలేదు. నాకు తెలిసింది ఒక్కటే. పిక్కలు పట్టేస్తే ఉప్పు. బావ నాకు నేర్పిన పాఠం. పొట్లం విప్పి ఉప్పంతా మజ్జిగలో వేసి, చేత్తోనే కలిపి ఆయన నోటికి పెట్టాను.

తాగాడు. క్యాను దించకుండా తాగాడు. నేను కాలు సాగదీసి రుద్దుతూ కూర్చున్నాను. కాసేపటికి పిక్క వదిలింది. చెట్టుకు జారబడి కళ్లు మూసుకుని, "ఇప్పుడు పేనం లేచొచ్చింది," అన్నాడు. ఉప్పు అన్న మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రుద్దినందుకే వదిలిందో, కూర్చున్నందుకు వదిలిందో నేను ఆలోచించలేదు. ఆ చిన్న డాక్టరుకు పుస్తకం తెలుసుగాని ఫర్నేసు మనిషి ఒళ్లు తెలియదని ఆ చెట్టు కిందే తీర్మానించేసుకున్నాను. ఇంత గట్టి తీర్మానం నేను నా జన్మలో ఇంకోటి చేయలేదు.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం మజ్జిగలో చిటికెడు ఉప్పు. అమ్మాయి బడిలో ఉండే వేళ. కూరలు ఎప్పటిలా చప్పిడివే, గోడ మీద కాగితం ఎక్కడిదక్కడే. వారం తిరిగేసరికి బావ అన్నం అడిగి పెట్టించుకున్నాడు. వంకాయ మాడిందని తిట్టాడు. తిడితే నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతో. చిటికెడు రెండు చిటికెలైంది. ఆ ఎండాకాలం మూడుసార్లు కొండ మొదలు దాకా వెళ్లొచ్చాం. క్యాను నిండా మజ్జిగ పట్టుకెళ్లాం. లీటరు లెక్క కూడా నేనే చూసీ చూడనట్టు వదిలేశాను. మళ్లీ ఏడాదికి గుడి దాకా ఎక్కించేస్తానని మనసులో అనుకున్నాను. మా కాపురంలో నాకు మిగిలిన చివరి ఆశ అది. ఆ ఆశను నేను ఆయన ఒంట్లోకి చిటికెడు చిటికెడుగా పోశాను.

వానలు పడగానే పాదాలు మళ్లీ ఉబ్బాయి. కాలం మారింది కాబట్టి తాగేది మార్చాలనుకున్నాను. ఇంకా ఆ పొగరు పోలేదు. మజ్జిగ మానిపించి జీలకర్ర నీళ్లు మొదలుపెట్టి, అందులో సైంధవ లవణం వేశాను. అది ఉప్పు కాదు, మందు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాపు మోకాళ్ల దాకా వచ్చింది. ఒక పొద్దున్న బావ వరండా మెట్లు రెండు ఎక్కి, మూడోది ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడిపోయాడు. మాట్లాడబోతే ఊపిరి అందలేదు. పక్కింటివాళ్లు పరుగెత్తి బండి తెచ్చారు.

అదే డాక్టరు. పొట్ట, కాళ్లు నొక్కి చూశాడు. కాగితాలు చూశాడు. అర్థం కానట్టు మొహం పెట్టి, "ఉప్పు ఏమైనా తింటున్నారా? నిజం చెప్పండి," అని అడిగాడు.

అమ్మాయి ముందుకొచ్చింది. "నహీ డాక్టర్ సాబ్. మా ఇంట్లో ఎవరమూ తినం. అమ్మ మా అందరికీ మానిపించింది," అని గర్వంగా చెప్పింది.

డాక్టరు నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. తెరిచాను, ఆ మాట నిజం. అంతలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న బావ చెయ్యి ఎత్తాడు. "నమక్ నహీ, సాబ్. ముట్టలేదు," అన్నాడు, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ. అని నన్ను చూశాడు. పులుసులో రవ్వంత తేడా పట్టే ఆ నాలుకకు మూడు నెలల ఉప్పు తెలియకుండా ఎలా ఉంటుంది? నేను కూడా "నహీ," అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. తర్వాత మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్లి, నెమ్మదిగా విడమరచి చెప్పాడు. ఉప్పు తినడం వల్ల ఇలా అయి ఉంటే తనకు ఆశ ఉండేదన్నాడు. ఉప్పు ఆపితే మందు మళ్లీ పనిచేసేదన్నాడు. ఇంత పథ్యం చేసి, ఇన్ని మాత్రలు మింగి కూడా నీరు నిండిపోయిందంటే గుండె పూర్తిగా చేతులెత్తేసినట్టే. సూదులిచ్చి నాలుగు రోజులు చూస్తాం, ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్లండి, ఇక్కడ ఉంచి చేసేదేం లేదు అన్నాడు.

ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేరు. తలుపు తీసి పట్టుకుని, లోపలికి రా అని పిలిచినట్టే పిలిచాడు ఆయన. నేను ఒక్క మాట అంటే చాలు. అమ్మాయి నా కొంగు పట్టుకుని వెక్కుతోంది. ఆ పిల్ల ముందు ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. సిగ్గే. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోదలచుకోలేదు.

అమ్మాయిని మందులకు పంపి, బావ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "బావా, సెప్పేత్తాను," అన్నాను.

"ఒద్దు."

"నీకెప్పుడు తెలిసింది?"

"కొండ కాడే. తెల్దేటి?"

"మరెందుకు తాగినావు?"

నవ్వబోయి దగ్గాడు. "సప్పిడి తిని, సప్పిడి తాగి ఎన్నాళ్లు బతకాల? బాగుంది, తాగినాను. నువ్వు పొయ్యకపోతే నానే పోసుకుందును." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మన గుంట ఇనీసిందంటే బతికున్నన్నాళ్లూ నిన్ను ఒగ్గదు. సెప్పకు. సెప్పితే ఇప్పుడు ఒరిగేదేటి?"

ఒరిగేది ఉందని నాకు తెలుసు. అప్పుడే వరండాలో విని వచ్చాను. ఉప్పు సంగతి తెలిస్తే వైద్యం వేరేగా ఉంటుందని, ఆశ ఉంటుందని డాక్టరు అన్న మాట నేను బావకు చెప్పలేదు. నన్ను కాపాడుతున్నాననుకున్నాడు గాని, దేనికి బదులుగా కాపాడుతున్నాడో ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఏమనేవాడో నేను కనుక్కోలేదు. "సరే," అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఇంటికి తీసుకొచ్చాం. ఉప్పు, సైంధవ లవణం రెండూ చెత్తలో పారేశాను. కొలిచి నీళ్లిచ్చాను. ఎవరికీ చెప్పకుండానే సరిచేసేయగలననుకున్నాను, చూడండి నా తెలివి. బావ చెంచాలతో నీళ్లు తాగుతూ, ఈ కాలానికి ఏం తాగాలే అని ఒకసారి అడిగాడు. నేను ఇంకో చెంచా నీళ్లు నోటికి పెట్టాను. వాపు తగ్గలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, బయట వాన పడుతుండగా, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ముందే చెప్పి ఉంటే బతికేవాడా? తెలియదు. తర్వాత చాలామందిని, నా సంగతి అని చెప్పకుండా, ఎవరిదో అన్నట్టు అడిగాను. కొందరు బతికేవాడన్నారు, కొందరు లేదన్నారు. ఏ జవాబూ నాకు పనికిరాలేదు. కొండకు మళ్లీ వెళ్లలేదు. ఎవరైనా ఏం పట్టుకెళ్లాలని అడిగితే నాకు తెలియదు అని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

కర్మలయ్యాక ఆసుపత్రి కాగితం ఒకటి కావాలంటే అమ్మాయితో కలిసి వెళ్లాను. ఆ డాక్టరే సంతకం పెట్టాడు. పెట్టి, కాగితం ఇవ్వకుండా పట్టుకుని, "ఇంత కట్టుగా పథ్యం చేసిన ఇల్లు నేను చూడలేదు, బహన్‌జీ. మీరు చేయగలిగిందంతా చేశారు. మీవల్లే ఆయన ఈ కొన్ని నెలలైనా ఉన్నారు," అన్నాడు. ఆ మాట విని అమ్మాయి ఏడుస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్దమనిషి అంత మాట అన్నప్పుడు ఊరుకోకూడదు కదా. పిల్ల చేతిలోంచి నా చెయ్యి విడిపించుకుని, రెండు చేతులూ జోడించి ఆయనకు నమస్కారం పెట్టాను.